మా వీధి కోటు

మా వీధిలో కోటు ఒక్కటే ఉండేది. అది ఇంజనీరు బాబాయిది.

బాబాయి అంటే చుట్టరికం ఏమీ లేదు. నెల్లూరు మూలాపేటలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవారు. విద్యుత్తు బోర్డులో ఇంజనీరు. 1979లో తన పెళ్లికి మద్రాసు వెళ్లి మౌంట్ రోడ్డులో కుట్టించుకొచ్చిన కోటు అది. ముదురు నీలం ఉన్ని గుడ్డ, ముందు రెండు గుండీలు, రొమ్ము మీద అరచేయంత వెడల్పున విచ్చుకున్న కాలరు. ఆ రోజుల్లో కాలర్లు అలాగే ఉండేవి, ప్యాంట్లు కింద గంటల్లా ఉండేవి. పెళ్లినాటి సాయంత్రం ఓ రెండు గంటలు తొడుక్కుని, చెమటకు తాళలేక విప్పేశారట. ఆ తర్వాత ఆయన దాన్ని ముట్టుకోలేదు. నెల్లూరులో కోటుకు వాతావరణం ఎప్పుడు ఒప్పుకుంటుంది? కార్తీకంలో వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు కమ్మితే తప్ప మా ఊళ్లో దుప్పటికే పని ఉండదు.

అయినా కోటు బీరువాలో ఊరికే పడి లేదు. 1986లో పిన్ని తమ్ముడు, అంటే బాబాయి బావమరిది, దాన్ని వేసుకుని బ్యాంకు ఇంటర్వ్యూకి వెళ్లాడు. ఉద్యోగం వచ్చింది. 1991లో ఎదురింటి అన్న మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ పనికి వేసుకెళ్లాడు. వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకు వీధి చివర పూజారి గారి అబ్బాయి బీమా ఆఫీసుకు వేసుకెళ్లాడు. అదీ వచ్చింది. దాంతో ఆ కోటుకు హస్తవాసి మంచిదని పేరు పడిపోయింది. డాక్టర్లకు హస్తవాసి ఉంటుందని విన్నాం గాని కోటుకు ఉండటం మా మూలాపేటలోనే.

కోటు ఇవ్వడానికి పిన్ని ఎప్పుడూ కాదనలేదు. షరతు మాత్రం ఒకటి ఉండేది. గుడ్డకు కత్తెర తగలకూడదు. పని అయిపోగానే విప్పించి, మళ్లీ బాబాయి కొలతకు కుట్టించి తెచ్చివ్వాలి. బాబాయి కొలత అంటే ఏ కొలత? 1979 నాటిది! అప్పుడు ఆయన ఛాతీ 40 అంగుళాలు, నడుము 32. నేను చూసేనాటికి ఆయనకు బొడ్డు మీద లుంగీ నిలవడమే ఒక విద్య. అయినా పిన్ని లెక్కలో ఆయన ఇంకా ఆ పెళ్లిపీటల మీద మనిషే. "మా అమ్మాయి పెళ్లిలో వేసుకుంటారు" అనేది. అమ్మాయి అప్పటికి పదో తరగతి.

నాలుగోవాణ్ణి నేను.

1997 వేసవి మొదట్లో సివిల్ సర్వీసుల మెయిన్స్ గట్టెక్కాను. రాతపరీక్షకు 2,000 మార్కులు, ఇంటర్వ్యూకి 300. మే మొదటి వారంలో ఢిల్లీ రమ్మని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరంలో ఏ సర్టిఫికెట్లు తేవాలో ఉంది గాని ఏ బట్టలు వేసుకోవాలో లేదు. లేకపోబట్టే అందరూ సలహాలిచ్చారు. ఎండాకాలం కదా, తెల్లచొక్కా టై చాలునని ఒక స్నేహితుడు అన్నాడు. కోటు లేకుండా లోపలికి వెళ్తే పెళ్లికి తలపాగా లేకుండా వెళ్లినట్టేనని ఇంకొకడు అన్నాడు. వాడు మూడు నెలలు హైదరాబాదులో కోచింగు తీసుకున్నవాడు కాబట్టి వాడి మాటే నెగ్గింది. నాన్న స్టోన్‌హౌస్‌పేటలో ఒక రైసు మిల్లులో గుమాస్తా. కొత్త సూటుకు మూడు మీటర్ల గుడ్డ, కుట్టుకూలి లెక్కవేస్తే నాన్న నెల జీతం దాటిపోయింది. రెండు రోజులు ఆయన ఏమీ మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున కాఫీ తాగుతూ, "వాళ్ల కోటు అడుగుదాం, తప్పేముంది" అన్నారు.

పిన్ని బీరువా తెరిస్తే కలరా ఉండల వాసన వీధి దాకా వచ్చింది. కోటు పాత దుప్పట్లో చుట్టి ఉంది. తొడుక్కుంటే నేను దాని లోపల తప్పిపోయాను. బాబాయి పేపరు దించి నన్ను ఒకసారి చూసి, "కలెక్టరు కోటే వచ్చింది, కలెక్టరు ఇంకా రాలేదు" అన్నారు. ప్యాంటు సంగతి అడిగితే పిన్ని నవ్వింది. గంటల ప్యాంటు ఎప్పుడో గిన్నెలవాడి పాలైంది.

కోటును పాత చీరలో మూటగట్టి సైకిలు వెనక పెట్టుకుని చిన్నబజారు వైపు వెళ్లాను. బజారు నుంచి పక్కకు తిరిగే ఒక సందులో, చెక్క మెట్లెక్కితే మేడమీద మాస్టరు దుకాణం. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. అందరికీ మాస్టరే. అరవై దాటిన మనిషి. చిన్నప్పుడు మద్రాసులో కోట్లు కుట్టే షాపులో కాజాలు తీస్తూ పని నేర్చుకున్నారు. నేను వెళ్లేనాటికి నెల్లూరులో కోట్లు కుట్టించుకునేవాళ్లు పెళ్లికొడుకులు తప్ప లేరు. ఆయన సఫారీలు, ప్యాంట్లు, స్కూలు బట్టలు కుడుతున్నారు. రెండు ఉషా మిషన్లు, నడుం ఎత్తున కటింగు బల్ల, కిటికీలో బొగ్గుల ఇస్త్రీ పెట్టె. ఒక మూల కాజాలు కుట్టే కుర్రాడు.

నేను మూట విప్పుతుండగానే మాస్టరు కళ్లద్దాలు పైకి తోసుకుని, "మళ్లీ వచ్చిందా ఇది!" అన్నారు. పలకరింపు కోటుకు, నాకు కాదు.

గోడ అలమరలోంచి కొలతల పుస్తకం తీశారు. తక్కిన పేజీల్లో మనుషుల పేర్లు, వాటికింద అంకెలు. దీని పేజీలో మాత్రం పైన "మూలాపేట కోటు" అని రాసి ఉంది. మూలన గుండుసూదితో గుచ్చిన చిన్న నీలం గుడ్డ ముక్క. కింద మూడు వరుసల అంకెలు. కోటును బల్లమీద బోర్లా వేసి, అస్తరు పక్కకుట్టు బ్లేడుతో విప్పి, లోపలి గుడ్డను వెలుతురుకు పట్టుకున్నారు. గుడ్డ మీద సూది నడిచిన గుర్తులు మూడు వరుసలుగా, రైలు పట్టాల్లాగ పక్కపక్కనే ఉన్నాయి. వేలితో చూపిస్తూ, "ఇది మీ పిన్ని గారి తమ్ముడు. ఇది మందుల కంపెనీ అబ్బాయి. ఇది పూజారి గారి పిల్లవాడు, సన్నగా ఉండేవాడు, చూడు ఎంత లోపలికి పోయిందో" అన్నారు. నాకు కొంచెం సిగ్గేసింది. వాళ్లను బనీన్ల మీద చూసినట్టు అనిపించింది.

"దీన్ని కుట్టినవాడు ఎవడో మంచివాడు. పక్కకు ఒకటిన్నర అంగుళం గుడ్డ లోపల వదిలాడు. ఇప్పటి రెడీమేడు వాళ్లు అర అంగుళం వదిలితే గొప్ప. మనిషి ఇక పెరగడని వాళ్ల నమ్మకం" అన్నారు.

తొడుక్కోమన్నారు. నేను ఛాతీ దగ్గర వదులు చూపించబోతే చెయ్యి తోసేశారు. "ఛాతీ మాట తర్వాత. ఛాతీ తగ్గించొచ్చు, నడుము పట్టించొచ్చు, చేతులు లోపలికి మడవొచ్చు. భుజం పెద్దదైతే మొత్తం విప్పి మళ్లీ కోయాలి, కోస్తే మీ పిన్ని నన్ను కోస్తుంది." గోడ పక్కన నిలబెట్టి, పక్కకు ఒరగమన్నారు. కోటు భుజం ముందు గోడకు తగిలి నా జబ్బ ఆ తర్వాత తగిలితే ఆ కోటు నాది కాదట. రెండూ ఇంచుమించు ఒకేసారి తగిలాయి. "పావు అంగుళం తేడా. బతికిపోయావు అబ్బాయ్" అన్నారు.

తర్వాత కొలతలు. టేపు ఎక్కడ పెట్టారో తెలిసేలోపే అంకె చెప్పేవారు. ఛాతీ 37, నడుము 30, చెయ్యి 24. కుర్రాడు పెన్సిలుతో నాలుగో వరుస రాస్తున్నాడు. అంతా అయిందనుకుంటే మాస్టరు నా వెనక్కి వెళ్లి కదలకుండా నిలబడ్డారు. చాలాసేపు చప్పుడు లేదు. ఎదురుగా అద్దంలో ఆయన తల మాత్రం ఒక పక్కకు వాలి కనిపిస్తోంది.

వీపు మీద ఎడమవైపు, మెడ దగ్గర నుంచి చంక కిందికి ఏటవాలుగా ఒక ముడత పడుతోందట. అరచేత్తో సాపు చేశారు, పోయింది. చెయ్యి తీయగానే వచ్చింది. రెండు వేళ్లతో ఎడమ భుజం దగ్గర గుడ్డను పైకి ఎత్తిపట్టారు, ముడత మాయమైంది. వదిలారు, మళ్లీ పడింది. మూడుసార్లు అలా ఎత్తి, వదిలి, "పుర్రచేతి వాటమా?" అన్నారు.

"కాదండీ, కుడిచేత్తోనే రాస్తాను."

"రాయడం అడగలేదు. బొంగరం ఏ చేత్తో తిప్పేవాడివి?"

బొంగరం ఎడమచేత్తోనే. గోళీలూ ఎడమచేత్తోనే. ఒకటో తరగతిలో పలక మీద ఎడమచేత్తో అక్షరాలు దిద్దుతుంటే వేళ్ల కణుపుల మీద బెత్తం దెబ్బలు పడ్డాయి. నెల రోజుల్లో కుడిచేతికి మారాను. మా అమ్మకు కూడా ఆ సంగతి గుర్తుందో లేదో. ఇరవై ఏళ్ల తర్వాత ఒక దర్జీ వీపు మీద ముడత చూసి దాన్ని బయటికి తీశారు. సాధారణంగా వాటం ఉన్న వైపు భుజం కాస్త కిందికి ఉంటుందట. కుడిచేతివాళ్లకు కుడివైపు, నాకు ఎడమవైపు. తేడా అర అంగుళం. "చెయ్యి మారింది గాని భుజం మారలేదు" అని, పక్క డబ్బాలోంచి దూది పట్టీ ఒకటి తీసి, అంచుల వైపు పలచబడేట్టు పొరలు పొరలుగా చీల్చారు. అస్తరు సందులోంచి ఎడమ భుజం లోపలికి దాన్ని పోనిచ్చి, తెల్లదారంతో నాలుగు కచ్చా కుట్లు వేశారు. అద్దంలో చూసుకుంటే నా రెండు భుజాలూ సమంగా ఉన్నాయి. నాకు అంతకుముందు సమంగా లేవని తెలియదు కాబట్టి గొప్పగా ఏమీ అనిపించలేదు. ఆయన ముఖం మాత్రం వెలిగిపోతోంది.

వెడల్పు కాలరు కాస్త సన్నం చేయమని అడిగాను. వినలేదు. "దానికి కత్తెర పెట్టాలి. పైగా కోటు వయసు దాస్తే దాగదు." ప్యాంటుకు ఇదే నీలంలో గుడ్డ తెచ్చుకుంటానంటే దానికీ అడ్డం తగిలారు. ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న నీలం ఒక రంగు, బజార్లో దొరికే నీలం ఒక రంగు. రెండూ కలిపి వేసుకుంటే అతుకు దూరం నుంచే కనిపిస్తుంది. "బూడిద రంగు తెచ్చుకో. వేరు వేరని ఒప్పేసుకుంటే ఎవరూ వంక పెట్టరు." 1.20 మీటర్ల బూడిద రంగు బిట్టు తెచ్చిచ్చాను. కాబట్టి నిజం చెప్పాలంటే నేను ఢిల్లీకి వేసుకెళ్లింది సూటు కాదు. ఒక కోటు, ఒక ప్యాంటు.

రెండో ట్రయల్‌కు చొక్కా, బూట్లు కూడా తెమ్మన్నారు. బూట్లు లేకుండా ప్యాంటు పొడవు ఎవరైనా కొలుస్తారా అని ఆయన ప్రశ్న. నేను ఇప్పటికీ షాపుల్లో చెప్పులతో నిలబడి ప్యాంటు కిందివైపు మడిపించుకునేవాళ్లను చూస్తే ఊరుకోలేను, వెళ్లి చెప్పేస్తాను. మా ఆవిడ దూరంగా జరిగి నిలబడుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం కరెంటు లేదు. ఏప్రిల్ ఎండకు రేకుల కప్పు కాలిపోతోంది. ఉన్ని కోటు లోపల చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కోటు మాత్రం, ఎలా చెప్పను, నన్ను పట్టుకుంది. బిగుతుగా కాదు, ఎవరో పెద్దాయన వెనకనుంచి భుజాల మీద చేతులు వేసినట్టు. చెయ్యి మణికట్టు ఎముక దగ్గర ఆగింది, కింద చొక్కా అర అంగుళం తెల్లగా కనిపిస్తోంది. చేతులు కిందికి వదిలి వేళ్లు ముడిస్తే కోటు అంచు సరిగ్గా గుప్పిట్లోకి వచ్చింది. నేను మురిసిపోతుంటే మాస్టరు స్టూలు లాగారు.

"నిలబడితే ఏ కోటైనా బాగుంటుంది. కూర్చో. ఇంటర్వ్యూ నిలబెట్టి చేస్తారా?"

కూర్చోబోతే ఆపి, ముందు గుండీ తీయించారు. కూర్చునేటప్పుడు తీయాలి, లేచాక పెట్టుకోవాలి. అది కూడా పై గుండీ ఒక్కటే. కింది గుండీ అలంకారానికి ఉంది, దాన్ని పెట్టకూడదు. (ఈమధ్య రిసెప్షన్లలో పెళ్లికొడుకులు రెండు గుండీలూ బిగించి ఊపిరాడక నిలబడుతున్నారు. అక్షింతలు వేస్తున్నంతసేపూ నా చెయ్యి దురద పెడుతుంది.) ఆయన కటింగు బల్ల వెనక కూర్చుని, నోట్లో గుండుసూదులు అలాగే ఉంచుకుని, "నీ పేరేమిటి? ఏ ఊరు? మీ ఊళ్లో ఏ నది ఉంది?" అని అడగడం మొదలుపెట్టారు. కాజాల కుర్రాడు పని ఆపి చూస్తున్నాడు. నేను నవ్వాపుకుని పెన్నానది పుట్టుకతో సహా చెప్పసాగాను. నంది కొండల్లో పుడుతుందని, అనంతపురం, కడప జిల్లాలు దాటి మా జిల్లాలో సముద్రంలో కలుస్తుందని. మాస్టరు వినడం లేదు. నా మెడ చూస్తున్నారు.

"నువ్వు జవాబు చెప్పేటప్పుడు తల ముందుకు పెడుతున్నావు, కోడిపుంజు లాగ. కాలరు వెనక లేచిపోతోంది. రెండు వేళ్లు దూరుతాయి అక్కడ."

కోటు కాలరు చొక్కా కాలరును వదలకూడదు, అది రెండో నియమం. ఆయన మెడ వెనక కాలరు విప్పి, పావు అంగుళం కిందికి దించి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె మోపారు. ఉన్ని ఆవిరికి లొంగుతుందట, నూలు లొంగదట. ఆవిరి లేచినప్పుడు ఆ గదిలో కలరా ఉండల వాసన, బొగ్గుల వాసన, ఎవరెవరి చెమట వాసనలో కలిసి వచ్చాయి. మళ్లీ తొడిగి మళ్లీ ప్రశ్నలు. ఈసారి జిల్లాలో ఎన్ని మండలాలు అని అడిగారు. 46 అన్నాను. "సరే, కాలరు కదల్లేదు" అన్నారు. నా జీవితంలో అంత శ్రద్ధగా నన్ను ఇంటర్వ్యూ చేసినవాళ్లు లేరు.

అన్నీ కలిపి 60 రూపాయలు తీసుకున్నారు. విప్పి మళ్లీ కుట్టే కూలి కూడా అందులోనే.

టై ఎదురింటి అన్న ఇచ్చాడు. మెరూన్ రంగు. ముడి తనే వేసి, సగం వదులు చేసి, ఉరితాడులా పట్టుకొచ్చి, "తల దూర్చి లాగడమే. పొరపాటున విప్పావో, ఇంత దూరం నుంచి నేనేమీ చేయలేను" అన్నాడు. కోటును పెట్టెలో పెట్టే పద్ధతి మాస్టరు చూపించారు. ఒక భుజాన్ని తిరగదీసి, రెండో భుజాన్ని అందులో దూర్చి, అస్తరు బయటికి వచ్చేట్టు మడిచి, మధ్యలో తువ్వాలు చుట్టారు. చివర్లో ఇంకో మాట కూడా చెప్పారు. వెనక చీలిక రైల్లో విచ్చుకుని వంకర పోకుండా తెల్లదారంతో రెండు అడ్డకుట్లు వేశాను, ఢిల్లీలో దిగాక తెంపుకో అన్నారు. తల ఊపాను.

జి.టి. ఎక్స్‌ప్రెస్‌లో ఒకటిన్నర రోజు ప్రయాణం. పెట్టె తల కింద పెట్టుకుని పడుకున్నాను. ఢిల్లీలో ఆంధ్రభవన్‌లో దిగాను, అక్కడ పప్పూ చారూ ఉన్నాయి కాబట్టి ఊరు మారినట్టు తెలియలేదు. ఇంటర్వ్యూనాటి పొద్దున కోటు తొడుక్కుని, టైలో తల దూర్చి, ఇండియా గేటు పక్కనుంచి ఆటోలో షాజహాన్ రోడ్డుకు వెళ్లాను. ధోల్‌పూర్ హౌస్. ఒకప్పటి రాజుగారి భవనం. మే నెల ఎండలో లోపలికి నడిచేటప్పుడు చెమట వెన్నుమీదుగా జారడం, అది అస్తరు దాటి బయటికి రాకపోవడం రెండూ తెలుస్తున్నాయి.

హాల్లో నాలాంటివాళ్లు చాలామంది కూర్చుని ఉన్నారు. అందరి కాలర్లూ సన్నం. నాది ఒక్కటే 1979. ఎదుటి మనిషి చూపు ముందు నా రొమ్ము మీద పడి, తర్వాత ముఖానికి వచ్చేది. నీళ్లు తాగడానికి లేచి వెళ్తే ఎవరో వీపు తట్టారు. పాట్నా నుంచి వచ్చిన అబ్బాయి. చాలా మర్యాదగా, "మీ వెనక తెల్లదారం గుణకారం గుర్తులా ఉంది, మీ వైపు అలా వేసుకుంటారా?" అని అడిగాడు.

గుండె జారిపోయింది. చెయ్యి వెనక్కి పెడితే అందదు. కోటు విప్పితే టై ముడి కదులుతుందేమోనని భయం. కత్తెర ఎవరి దగ్గరా లేదు. అప్పుడా అబ్బాయి అటూ ఇటూ చూసి, తన కొత్త సూటు మోకాళ్ల మీద ముడతలు పడుతున్నా లెక్కచేయకుండా నా వెనక కూర్చుని, పళ్లతో దారం కొరికాడు. ఒకటి, రెండు. లేచి, దారం ముక్కను తన జేబులో వేసుకున్నాడు, అక్కడ నేల మీద పారేయడం బాగుండదని. రెండు నిమిషాలకు అతని పేరు పిలిచారు. మళ్లీ అతన్ని చూడలేదు. పేరు విన్నాను గాని ఆ కంగారులో నిలవలేదు.

లోపల అయిదుగురు. నెల్లూరు అనగానే రొయ్యల మీదికి వెళ్లారు. అప్పటికి అయిదు నెలల కిందట, 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తీరప్రాంత నియంత్రణ మండలంలో ఉన్న రొయ్యల చెరువులను 1997 మార్చి 31లోగా తీసేయాలని. మా జిల్లాలో వరి పొలాలు రొయ్యల గుంటలు కావడం, ఒక పంటకే డాబాలు లేవడం, తర్వాత తెల్లమచ్చల వ్యాధి వచ్చి ఆ డాబాలకే తాళాలు పడటం కళ్లారా చూసినవాణ్ణి. చాలా చెప్పాను. బహుశా మరీ చాలా. నువ్వు కలెక్టరువైతే ఎవరి పక్షం ఉంటావని అడిగితే తిన్నగా ఒక మాట రాలేదు, అటు కాసేపు ఇటు కాసేపు తిరిగాను. ఎడమచెయ్యి గాలిలో ఆడుతోందని మధ్యలో గమనించాను. కాలరు లేవలేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

నేను తిరిగొచ్చిన కొద్దిరోజులకే మొహర్రం. ఆ ఏడు మే నెలలో వచ్చింది. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ. కోరిక తీరినవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి, అదే కోరిక ఉన్నవాళ్లకు రొట్టె ఇస్తారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె. తీసుకున్నవాళ్లు తమ కోరిక తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. మా అమ్మ నన్ను లాక్కెళ్లింది. మోకాళ్లలోతు నీళ్లలో "ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె" అని అడుగుతూ తిరిగి, ఎవరో ఊరుగాని ఊరి ఆమె దగ్గర తీసుకుని సగం నా నోట్లో పెట్టింది. ఆ ఆమె కొడుక్కి ఏ ఉద్యోగం వచ్చిందో కనుక్కోలేదు. నేను కనుక్కోమన్నాను. "రొట్టెకు ఎంక్వయిరీలు ఏమిట్రా" అని కసిరింది.

ఫలితాల్లో నా నంబరు లేదు. తర్వాత మార్కులు వచ్చాయి, ఇంటర్వ్యూలో 300కు 138. మూడుసార్లు నెగ్గిన కోటుకు మచ్చ తెచ్చింది నేనే. పిన్నికి ముఖం చూపించడానికి మొహమాటపడుతుంటే ఆమే మా ఇంటికి వచ్చి ఓదార్చింది. "కోటు తప్పేమీ లేదురా. ప్యాంటు వేరేది వేశావుగా, అందుకు" అంది. నాకు అన్నిటికంటే ఆ కారణమే నచ్చింది.

పండుగ రోజుల్లో మాస్టరు దుకాణం మూసి ఉంది. జూన్‌లో కోటు తీసుకుని వెళ్లాను. ఆయన ఏమైందని అడిగారు, చెప్పాను. దూరపు చుట్టం పోయిన కబురు విన్నట్టు కాసేపు ఊరుకుని, "మళ్లీ రాయొచ్చా?" అన్నారు.

"రాయొచ్చండీ. వచ్చే ఏడు."

కోటు బల్లమీద పరిచి, పక్క కుట్లు విప్పారు, చేతులు దించారు, మెడ దగ్గర కాలరు యథాస్థానంలో పెట్టారు. నేను స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను. కొలతల పుస్తకం తెరిచి నాలుగో వరుస మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ వచ్చి, చివరి అంకె దగ్గర ఆగారు. ఒకసారి నా వైపు చూశారు. పుస్తకం మూసేశారు.

"ఇది చాలులే. మిగతాది మీ పిన్నికి తెలియదు" అన్నారు.

ఏది మిగిలిందో నాకూ తెలియలేదు. అడగాలని తోచలేదు.

నేను మళ్లీ రాయలేదు. 1999లో బ్యాంకులో వచ్చింది. ఆ ఇంటర్వ్యూకి హైదరాబాదుకు తెల్లచొక్కా, మెరూన్ టైతో వెళ్లాను, ముడి అప్పటికి నేర్చుకున్నాను. మరుసటి మొహర్రానికి అమ్మ చెరువుకు వెళ్లి రొట్టె ఇచ్చి వచ్చింది. కోటు కోసం ఆ తర్వాత ఎవరూ రాలేదు. మా వీధి పిల్లలు కంప్యూటర్ కోర్సులు చేసి హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోయారు. వాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకునేవాళ్లే టీషర్టులు వేసుకుని కూర్చునేవారట.

2004లో బాబాయి కూతురి పెళ్లి. పిన్ని అన్నంత పనీ చేసింది, కోటు బయటికి తీయించింది. మాస్టరు అప్పటికి రెండేళ్ల కిందటే పోయారు. దుకాణం కొడుకు చూస్తున్నాడు, ఎక్కువగా స్కూలు యూనిఫారాలే. అతను పక్కల్లో దాచిన గుడ్డంతా వదిలాడు. ఇంతకాలం లోపల ఉన్న పట్టీ ఎండ ఎరగనిది కాబట్టి చంక నుంచి కిందికి ముదురు నీలం చార ఒకటి రెండువైపులా కనిపించింది. అంత వదిలినా బాబాయి పొట్ట మీద గుండీ కలవలేదు. తెరిచే ఉంచి వేసుకున్నారు.

కల్యాణ మంటపంలో నేను వేదిక మెట్ల దగ్గర వరుసలో ఉన్నాను. ఫొటోగ్రాఫరు కుటుంబమంతటినీ వధూవరుల పక్కన నిలబెట్టి, కెమెరాలోంచి చూసి, తల బయటపెట్టాడు.

"సార్, ఎడమ భుజం కాస్త దించండి."

బాబాయి దించారు. ఫొటోగ్రాఫరు మళ్లీ చూశాడు.

"ఇంకాస్త సార్. ఎడమది పైకి ఉంది."

"దించాను కదయ్యా!"

"సరిగ్గా నిలబడండి, ఈ వంకరేమిటి ఇవాళే" అంది పిన్ని, ఆయన మోచెయ్యి పట్టి కిందికి లాగుతూ. బాబాయి అయోమయంగా తన భుజం వైపు చూసుకున్నారు. వరుసలో నా వెనకవాళ్లు ముందుకు నడవమంటున్నారు. నా కాళ్లు కదల్లేదు. నా చెయ్యి దానంతటదే వెళ్లి నా ఎడమ భుజం మీద పడింది.

ఫొటోగ్రాఫరు మూడోసారి కూడా చెప్పి చూసి, విసిగిపోయి, ఫ్లాష్ కొట్టేశాడు.